తలుపు పక్క మంచం

భాగ్యలక్ష్మి కడుపు ఇంట్లో అందరికీ కనబడేటట్టు ఉమాకాంత్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. నల్లటి ఫిల్ములో తెల్లగా నడుము ఎముకలు, వాటి నడుమ అడుగున గుంపు కట్టిన చిన్న చిన్న ఉంగరాలు, చీరకు కుట్టే చమ్కీలంత.

"గియ్యే నాయినా. గోలీల పెట్టి మింగిచ్చిన్రు చూడు, గవే రింగులు. గిన్ని దినాలైనా ఒక్కటి బయిటికి రాలే. పెద్దపేగు పనికిరాకుంట అయిందట. సోమారం కోసి తీసేస్తమన్నడు సర్జన్."

ఆగయ్య మంచం మీద నుంచే కళ్లద్దాలు నుదుటికి ఎత్తి, మళ్లీ దించి చూశాడు.

"అది తీస్తె మనిషి బతుకుతదారా?"

"బతుకుతదట. నీళ్ల లెక్క పోతదట గని, పోవుడైతె పోతదట."

"అట్లయితె తీపియ్యి. ఎన్నొద్దులని తిప్పలవడ్తది పిల్ల."

ఆ మాటలో ప్రేమ తప్ప మరేం లేదు. వంటింటి గడప దగ్గర చీర పరుచుకుని కూలికి మెరుపు రాళ్లు అతికిస్తున్న భాగ్యలక్ష్మికి ఆ సంగతి తెలుసు. అయినా మామ చూపు ఫిల్ము మీద పడ్డంతసేపూ, ఒంటి మీద బట్ట లేనట్టే అనిపించింది. కొంగు తల మీదికి లాక్కుంది. అప్పుడే పెట్టిన రాయి వేలి కింద ఒత్తుకుపోయి, గమ్ము పక్కకు పారింది. మైనం పూసిన పుల్లతో రాయిని ఎత్తి, గమ్ము చుక్క మీద ఆనించి వదిలేయాలి. ఒత్తితే మచ్చ పడుతుంది. మచ్చ పడిన చీరను మార్కెట్ నుంచి వచ్చే మనిషి ముఖం మీదనే విసిరేస్తాడు. ఆమె గుడ్డముక్క తడిపి గమ్మును తుడవసాగింది.

"ఏమే, విన్నవా? నాయిన గుడ ఒప్పుకున్నడు," అన్నాడు ఉమాకాంత్.

"విన్న," అంది తలెత్తకుండా.

బతుకుదెరువుకు వచ్చిన గుజరాతీ ఊళ్లో, కోసాడ్ కాలనీలో ఆ ఇల్లు మూడో అంతస్తు. ముందొక హాలు, వెనక వంటిల్లు, హాలు మూలన లెట్రిన్. కొడుకు బార్డోలీ హాస్టలుకు పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురు. ఉమాకాంత్ సచిన్ అనే చోట పవర్‌లూమ్ ఖాతాలో, అంటే నేత షెడ్డులో, మగ్గాలు నడుపుతాడు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ, బండి మీద పోయి వస్తాడు. ఆగయ్య కూడా జీవితమంతా అలాంటి ఖాతాలోనే నిలబడి, మోకాళ్లు అక్కడే వదిలేసి వచ్చినవాడు. ఇనుప మంచం లెట్రిన్ గోడకు ఆనించి ఉంటుంది. తలగడ వైపు నుంచి చెయ్యి చాస్తే లెట్రిన్ తలుపు గడియ అందుతుంది. ఆ గడియ పట్టుకునే ఆయన లేస్తాడు, ఆ గడియ పట్టుకునే లోపలికి పోతాడు. ఆయన ఒంటేలు ఆగదు. వచ్చిందంటే అప్పటికప్పుడే పోవాలి.

మోకాళ్లు ఆడినన్నాళ్లు పొద్దున్నే ఆగయ్య కిందికి దిగి, చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చునేవాడు. ఆ కాసేపే భాగ్యలక్ష్మిది. ఆయన మెట్లు దిగడం మానేసిన నాటి నుంచి ఆ కాసేపు కూడా పోయింది.

ఉమాకాంత్ నిద్రకు ఒరిగాక ఆమె గమ్ము సీసాకు మూత పెట్టి లేచింది. కడుపు రాయిలా ఉంది. నడుముకు బరువు కట్టినట్టు, కాళ్లలోకి గుంజుతోంది.

లెట్రిన్‌లోకి పోవాలంటే ముందు అందులోంచి కుర్చీ బయటికి తీయాలి. ఆగయ్య గొంతుక్కూర్చోలేడని ఉమాకాంత్ తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ అది, నడుమ బెజ్జం. దాని మీద కోడలు కూర్చోవడమన్న ఊహే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆమెకు కూడా. కుర్చీని రెండు చేతులా ఎత్తి మామ మంచం కాళ్ల దగ్గర పెట్టింది. కుర్చీ బయటికి వచ్చిందంటే కోడలు లోపలికి పోతోందని చాటింపు వేసినట్టే. ఆగయ్య మర్యాదగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తలుపు వేసుకుంది. తలుపు కింద రేకు తుప్పుపట్టి ఊడిపోయి, జానెడు సందు. ఆ సందులోంచి మంచం కోడు కనిపిస్తుంది. ఆమె గొంతుక్కూర్చుని కళ్లు మూసుకుంది. ముక్కింది. కణతల్లో నరాలు లేచాయి, చెమట చెవుల వెనక నుంచి మెడ మీదికి జారింది. ఏదో కొంచెం కదిలినట్టు, ఇప్పుడో అప్పుడో అన్నట్టు అనిపించింది.

గోడవతల ఆగయ్య దగ్గాడు.

ఖాతాలో పీల్చిన దారాల నూగంతా గొంతులో తిరుగుతున్నట్టు ఉంటుంది ఆ దగ్గు. ముందు చిన్నగా గొంతు సవరించి, తర్వాత రెండు గట్టి దగ్గులు. ఆమె లోపల ఏదో టక్కున మూసుకుంది. ఇక ముక్కినా అంతే. మామకు ఒంటేలు వస్తుందేమో, లేచి గడియ పట్టుకుని నిలబడతాడేమో అన్న తలపు కూడా వచ్చింది. లేచి, దేనికోసమో తెలియకుండా రెండు మగ్గుల నీళ్లు పోసి, కుర్చీ లోపల పెట్టి, గమ్ము సీసా దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆముదం అయింది, ఇసబ్‌గోల్ అయింది, చూర్ణాలు అయ్యాయి, పట్టీలకు పట్టీలు గోలీలు అయ్యాయి. గోలీ వేసుకున్న రోజు కడుపు మెలిపెట్టి, ప్రాణం పోయినంత పని చేసి, నీళ్లు పోయి, మళ్లీ వారం దాకా అంతే. ఇక మిగిలింది కోయడమే.

*

"పేగు తీస్తరా? కూరల కరివేపాకా అది, తీసి పక్కకు పెట్టనీకి?"

పద్మారాణి మెట్ల మీదనే ఆగి, ఇడ్లీ గిన్నెలు దించి అడిగింది. ఆమెది కింది అంతస్తు. అమ్రోలీ రోడ్డు మీద ఆమె టిఫిన్ బండికి సాంబారు కోసమే వచ్చే తెలుగువాళ్లు చాలామంది.

"దాక్తర్ జెప్పినంక ఏం జేస్తమక్కా."

"ఒక్క దాక్తర్ జెప్తె అయిపాయెనా? నా బండి కాడికి ఒక దాక్తరమ్మ వస్తది, హిమశ్రీ అని. ఆంధ్రామె. చట్నీ మీద రోజు నాతోని పంచాదే, కారం లేదంటది. కడుపు దాక్తరే ఆమె. నువ్వు సోమారం కోయిచ్చుకునేదే ఉంటె, రేపు ఆమెకొకసారి చూపిచ్చుకుంటె ఏం బోయె? నీ పేగు ఏడికి ఉరుకుతది?"

భాగ్యలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వితే కడుపు నొచ్చి, రెయిలింగు పట్టుకుంది.

*

హిమశ్రీకి ముప్పై అయిదు దాటవు. తెల్లకోటు జేబులోంచి వక్కపొడి పొట్లం తొంగిచూస్తోంది. ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ రింగులు ఎక్కడున్నాయో ఎవరైనా మీకు చూపించారా?"

"లోపట్నే ఉన్నయన్నరు మేడం."

"లోపలే. కానీ లోపల ఎక్కడ? ఇలా రండి." ఆమె పెన్ను మూతతో ఫిల్ము మీద ఒక పెద్ద దారి గీసి చూపించింది: కుడివైపు నుంచి పైకి, అడ్డంగా, ఎడమవైపు నుంచి కిందికి. "ఇదంతా పెద్దపేగు. పేగు చచ్చుబడితే రింగులు ఈ దారంతా ఎక్కడివక్కడ ఆగిపోవాలి. మీవి దారంతా నడిచొచ్చి, ఇదిగో, ఈ చివర గుమ్మం ముందు నిలబడ్డాయి. నడిపించుకొచ్చిన పేగుదా తప్పు?"

తోడొచ్చిన పద్మారాణి వెనక నుంచి మెడ చాచింది. "అంటే తలుపు తీస్తలేరన్నట్టు."

"అదీ. అలా ఉందేమోనని నా అనుమానం. కానీ అనుమానం మీద మాట్లాడకూడదు, ఆ సర్జన్ గారైనా, నేనైనా. ఆ గుమ్మాన్ని పరీక్ష చెయ్యాలి. చెయ్యకుండా మాత్రం కోయకూడదండి."

పరీక్ష గదిలో పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకోమన్నారు. గుజరాతీ నర్సు సన్నటి గొట్టం పెడుతూ "డర్‌నా మత్ బెన్" అంది, భయపడొద్దని. గొట్టం చివర చిన్న బెలూను. గొట్టానికి అవతల కంప్యూటరు తెర, తెర మీద ఒక గీత. భాగ్యలక్ష్మి గోడ వైపు చూడబోతే హిమశ్రీ తెరను ఆమె ముఖం ముందుకు తిప్పింది.

"ఆ గీత మీ గుమ్మం. ఇప్పుడు గట్టిగా బిగబట్టండి, అర్జెంటుగా వస్తే ఆపుకుంటారే, అలా."

గీత పైకి లేచింది.

"బ్రహ్మాండం. వదిలేయండి. ఇప్పుడు లెట్రిన్‌కి కూర్చున్నట్టు ముక్కండి. గీత కిందికి రావాలి."

భాగ్యలక్ష్మి ముక్కింది. గీత కిందికి రాలేదు. ఇందాకటి కంటే ఎత్తుకు పోయింది.

"ఇంకోసారి."

ఇంకోసారి కూడా అంతే. ఆమె ఎంత ముక్కితే గీత అంత ఎగబాకింది. తన ఒంట్లోనే ఉన్న ఒకటి తన మాటకు ఎదురు పోవడం ఆమె కళ్లతో చూడడం అదే మొదలు. బెలూనులో కాసిని నీళ్లు నింపి, పక్కనున్న బాత్‌రూములో కూర్చుని దాన్ని బయటికి పంపమన్నారు. గుడ్డు కంటే చిన్నది. ఆమె వల్ల కాలేదు. ముఖం కందిపోయి తిరిగి వచ్చింది.

మళ్లీ పడుకోబెట్టి, ఊరికే ఊపిరి తీసుకోమంది హిమశ్రీ. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి లేచేటట్టు. గీత నెమ్మదిగా చదునయింది. అప్పుడు వరండాలో ఎవరో ముసలాయన దగ్గాడు. గీత కుదుపు తిన్నట్టు పైకి లేచింది.

హిమశ్రీ తెర వైపు చూసి, తలుపు వైపు చూసి, భాగ్యలక్ష్మి వైపు చూసింది.

"ఇప్పుడు నేను బిగించమనలేదే?"

భాగ్యలక్ష్మి చూపు తలుపు మీదే ఉంది.

"ఆ దగ్గింది ఎవరనుకున్నారు?"

"మా మామ," అంది. ఆ మాట నోటి నుంచి రాగానే ఏడుపొచ్చింది. గొట్టం ఉందన్న సంగతి కూడా మరిచి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా అంతా చెప్పింది: మంచం, గడియ, తలుపు కింది సందు, కుర్చీ.

"కుర్చీ తీయకుండా దాని మీదే కూర్చోవచ్చుగా?"

"మామ కుర్చీ మేడం."

హిమశ్రీ ఆ జవాబు మీద వాదించలేదు. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది.

"చూడండి భాగ్యలక్ష్మి గారూ. మీ పేగు బాగుంది. గుమ్మం దగ్గర కండరం కూడా మంచిదే, కాకపోతే అది ఏళ్ల తరబడి ఒకటే పని నేర్చుకుంది, మూసుకోవడం. మీరు వెళ్లమని ముక్కినా, అది ఆపమన్నారనుకుంటోంది. కోస్తే అది మారదు. విప్పుకోవడం నేర్పాలి. వారానికోసారి రండి, ఈ తెర ముందే నేర్పిస్తాం. సర్జన్ గారితో నేను మాట్లాడతాను. ఏదీ, ఒకసారి చూద్దాం. ముక్కొద్దు. ఊపిరితో కడుపు నింపండి, కింద వదిలేయండి. చేతిలోది జారవిడిచినట్టు."

భాగ్యలక్ష్మికి మైనం పుల్ల గుర్తొచ్చింది. ఆనించి వదలడం. కళ్లు గీత మీద పెట్టి ఊపిరి తీసుకుంది. గీత వణికింది. ఒక రవ్వ, నిజంగా ఒక రవ్వే, కిందికి జారింది.

"అదీ!" అంది హిమశ్రీ. నర్సు చప్పట్లు కొట్టింది.

బయటికి వచ్చేటప్పుడు హిమశ్రీ ఆమెను ఆపింది. "ఇంకొక మందు ఉంది, అది మా దగ్గర దొరకదు. అన్నం తిన్నాక నింపాదిగా కూర్చోవాలి. తలుపు దగ్గర ఎవరూ ఉండకూడదు. ఆ మంచం అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ నేర్చుకున్నది అక్కడ మరిచిపోతారు."

*

"మంచం జరుపాల్నా?"

ఉమాకాంత్ నవ్వాడు. చేతిలో రొట్టెముక్క అలాగే ఉంది. "దవాఖాన్ల గంత పెద్ద మిషిన్ పెట్టి చూసి, ఆఖరికి మంచం జరుపుమన్నదా? దాక్తరమ్మనా, వాస్తు జెప్పేటామెనా?"

"నేను కండ్లతోని చూసిన. గీత మీదికి పోయింది."

"మెల్లగ మాట్లాడు." అతను హాలు వైపు చూశాడు. ఆగయ్య గురక వినిపిస్తోంది. ఉమాకాంత్ గొంతు తగ్గించాడు. "నాయినకు ఏమని జెప్పాలె? నువ్వు ఆడ పండుకుంటె నా పెండ్లానికి దొడ్డికి వస్తలేదనాల్నా? ఇజ్జత్ ఉంటదా ఆయనకు? నీకుంటదా?"

"ఆపరేషన్ జేస్తె ఉంటదా?"

"అది బీమారి. బీమారికి ఇజ్జత్ ఏంది?" అతను రొట్టె పళ్లెంలో పడేశాడు. "జర సోచాయించు. ఆ గడియ పట్టుకునే లేస్తడు. కిటికీ దిక్కు ఏస్తె లేవబోయి పడ్తడు. తుంటి ఇరిగితె ఎవలు జేస్తరు? నువ్వే జెయ్యాలె."

అది అబద్ధం కాదు. ఎటు చూసినా ఎవరో ఒకరి ఒంట్లో ఏదో ఒకటి ఆగకపోవడమో, కదలకపోవడమో. అందరి అవసరాలూ ఆ ఒక్క గడియ దగ్గరే కూడుకున్నాయి.

"సోమారం పోదాం. ఒక్కపారితోని అయిపోతది," అన్నాడతను మెత్తగా, ఆమె భుజం తట్టి. ఆ మెత్తదనమే ఆమెను మరీ ఊపిరాడకుండా చేసింది. అతను సెలవు అడిగి ఉంచాడు. పక్కింటివాళ్లు వంట పంపిస్తామన్నారు. కులపోళ్లు రక్తం ఇస్తామని మాటిచ్చారు. ఆమె పేగు కోయించడానికి అందరూ అంత మంచిగా ముందుకొచ్చిన ఇల్లు, ఒక మంచాన్ని నాలుగడుగులు జరపడానికి మాత్రం కదలలేదు.

ఆ మరునాడంతా ఆమె రాళ్లు అతికించింది. పువ్వు తర్వాత పువ్వు, ఆనించి వదలడం. మధ్యమధ్య చెయ్యి ఆపి గదిని చూసింది. కిటికీ కింద ఖాళీ జాగా. అక్కడ చీరల మూటలు తప్ప మరేం లేవు. కిటికీకి ఇనుప ఊచలు. ఒకసారి లేచి వెళ్లి ఊచను పట్టుకుని, తన బరువంతా వేసి లాగి చూసింది. కదల్లేదు.

మంచం మీద నుంచి ఆగయ్య ఆమెనే చూస్తున్నాడు. "ఏందమ్మా, జంగు బట్టిందా?"

"లేదు మామా. గట్టిగనే ఉన్నది."

*

ఆదివారం ఉమాకాంత్‌కు సెలవు. పొద్దున చాయ్ తాగాక ఆగయ్య గడియ పట్టుకుని లేచి లెట్రిన్‌లోకి పోయాడు. తలుపు పడింది.

భాగ్యలక్ష్మి చీర మడిచి పక్కన పెట్టింది. కిటికీ కింది మూటలు వంటింట్లోకి విసిరింది. కొంగు నడుముకు దోపి, మంచం తలగడ వైపు పట్టుకుని లాగింది. ఇనుప కోళ్లు బండల మీద కీచుమన్నాయి. మంచం కింద నాలుగు చోట్ల తుప్పు ముద్రలు, వాటి మధ్య తడిగుడ్డ ఎన్నడూ అందని దుమ్ము.

ఉమాకాంత్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏందే గిది? పాగల్ అయినవా? నాయిన లోపట ఉన్నడు!"

"అందుకే జరుపుతున్న."

"మల్ల ఆడ వెట్టు."

"పెట్ట."

"నేను జెప్పిన్నా లేదా నీకు?"

ఆమె మంచం మీది చెయ్యి తీయలేదు. ఆయాసంతోనే అంది. "పేగు కోస్తమంటె ఒక్క గడియల ఒప్పుకుంటివి. మంచం జరుపనీకి నీకు చేతులు రాకపాయె. రేపు నేను దవాఖానకు పోను. పేగు నాది. కోయిచ్చుకోను. ఆ దిక్కు పట్టు, లేకుంటె పక్కకు జరుగు."

ఉమాకాంత్ పట్టలేదు. కానీ పక్కకు జరిగాడు. ఆమె ఒక్కతే మిగిలిన దూరం లాగి, కిటికీ కిందికి చేర్చింది.

లెట్రిన్‌లో నీళ్లు పోసిన చప్పుడయింది. తలుపు తెరుచుకుంది. ఆగయ్య ఎడమ చేత్తో గడియ పట్టుకుని, అలవాటు కొద్దీ కుడిచెయ్యి మంచం పట్టె కోసం చాచాడు. పట్టె లేదు. చెయ్యి గాలిలో తడుముకుంది. మోకాలు వణికి ఒరగబోయాడు.

"నాయినా!" అన్నాడు ఉమాకాంత్.

అతని కంటే ముందు భాగ్యలక్ష్మి అక్కడుంది. ఆ గాలిలోని చేతిని పట్టుకుని తన భుజం మీద వేసుకుంది. ఆ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి ఆమె చేతితో మామకు అందించినవన్నీ గ్లాసులు, పళ్లేలు. చెయ్యి ఎన్నడూ ఇవ్వలేదు. ఆగయ్య ఒళ్లు ఒక క్షణం బిగుసుకుంది. తర్వాత బరువు ఆమె మీదికి వచ్చింది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ గది దాటారు. ఆమె ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, పక్కకు తొలగి, కొంగు సర్దుకుంది.

ఆగయ్య కిటికీ చూశాడు. ఖాళీ అయిన మూల చూశాడు.

"ఎవలు జరిపిన్రు?"

"నేనే మామా."

"ఎందుకు?"

ఉమాకాంత్ అడ్డుపడబోయాడు. "ఏం లేదు నాయినా, గాలి తలుగుతదని..."

"మీరు ఆడుంటె నాకు వస్తలేదు మామా," అంది భాగ్యలక్ష్మి.

కింద చాయ్ బండి స్టవ్ బుస్సుమంటోంది. ఆగయ్య మెల్లగా కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"గిన్నేండ్ల సందా?"

ఆమె తలాడించింది.

"చెప్పకపోతివి బిడ్డా."

"ఎట్ల జెప్త మామా? మీ దగ్గు వినంగనే లోపట మూసుకుంటది."

ఆగయ్య ముఖం ఎత్తి ఆమెను చూశాడు, అర్థం కానట్టు. "దగ్గా? నేను దగ్గేది నీ కోసమే గదనే. నువ్వు కుర్చీ బయిట పెట్టంగనే నేను గోడ దిక్కు తిరుగుత. తిరిగిన, చూస్తలేనని నీకు తెల్వాలె గదా అని దగ్గుత. ఆడిపిల్ల ఇబ్బంది పడొద్దని..." చేతిలోని అద్దాల వైపు చూసుకున్నాడు.

ఉమాకాంత్ గోడకు ఆనుకుని నిలబడి నేల చూస్తున్నాడు, తుప్పు ముద్రల వైపు.

కాసేపటికి ఆగయ్య కిటికీ ఊచను పట్టుకుని లాగి చూశాడు. "నిన్న గందుకే గుంజి చూసినవా?" అని, కొడుకు వైపు తిరిగాడు. "ఒరే ఉమా, మగ్గం తోలు పట్టా ఉంటది చూడు, దాన్ని ఈ ఊచకు గట్టు. పట్టుకోని లేస్త. ఆడి దాంక పోనీకి నా కర్ర ఏడున్నదో దేవులాడు. అర్జెంటైతె ఒక డబ్బా పెట్టు ఈడ, ఏమైతది."

"సరే నాయినా," అన్నాడు ఉమాకాంత్.

మధ్యాహ్నం అన్నాలయ్యాక భాగ్యలక్ష్మి లెట్రిన్‌లోంచి కుర్చీ తీసి, మంచం లేని ఆ మూలలో తుప్పు ముద్రల నడుమ పెట్టింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. కింది సందులోంచి ఇప్పుడు కుర్చీ కాళ్లు, వాటి వెనక ఉత్త బండలు కనిపిస్తున్నాయి. కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ముక్కలేదు. ఊపిరితో చెయ్యి లేచింది, దిగింది. లేని తెర మీద లేని గీతను చూడడానికి ప్రయత్నించింది.

కిటికీ వైపు నుంచి గొంతు సవరించిన చప్పుడు వచ్చింది. ఆమె ఒళ్లంతా ఎదురుచూసింది, తర్వాతి రెండు దగ్గుల కోసం.

అవి రాలేదు. సగంలో ఆగిపోయాయి. ఆగయ్య దగ్గును గొంతులోనే బిగబట్టుకున్నాడు. ముసలి రొమ్ములో నూగు గరగరలాడడం, ఆయన నోటికి పంచె అడ్డం పెట్టుకోవడం గది అవతల నుంచి కూడా తెలుస్తోంది. ఎక్కువసేపు పట్టలేడు. ఆపుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"దగ్గుండ్రి మామా," అంది లోపలి నుంచే, గట్టిగా. "నాకేం గాదు. దగ్గుండ్రి."

ఆగయ్య దగ్గాడు, కడుపులోంచి, తెరలు తెరలుగా, ఊపిరి మళ్లేదాకా.

ఆమె లేవలేదు. చెయ్యి కడుపు మీదే ఉంచుకుని, కూర్చునే ఉంది.